ముట్టలేదన్న మిషన్

నేను చెబుతున్నాను, రాసేది నా బిడ్డ. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదు. నా మాటల్ని పుస్తకాల భాషలోకి మార్చి రాస్తానంది. మార్చుకో అన్నాను. రోతను మాత్రం కడిగి రాయొద్దన్నాను. కడగనని మాటిచ్చాకే నోరు తెరిచాను.

నాకు కంప్యూటర్ అంటే అసహ్యం లేదు. దానికి తెలిసింది చేస్తుంది, తెలియనిది తెలియదని చెబుతుంది. దాని చుట్టూ మూగే మనుషులను చూస్తేనే నాకు రోత.

నా పెనిమిటి బోధన్ దగ్గర చెరుకు బండ్లకు లోడెత్తేవాడు. ఆయన పోయాక నేను నిజామాబాద్‌లో బిడ్డ దగ్గరికి వచ్చేశాను. ఒక పాత ఇంటి వెనక భాగంలో మావి రెండు గదులు. వెనక గదిలో నా పొయ్యి, ముందు గదిలో దాని మిషన్లు. అది చేసే పనేమిటని మా వాడకట్టు ఆడవాళ్ళు అడిగితే మొదట్లో నాకు చెప్పడం వచ్చేది కాదు. పొద్దంతా దాని పక్కన కూర్చుని, దాని సణుగుడు విని విని, ఇప్పుడు చెప్పగలను.

ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు సాఫ్ట్‌వేర్ రాసి, ఎలా రాశారో దాచుకోకుండా నలుగురి ముందూ పెడతారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. మంచిదే, కానీ అది వండని బియ్యం. మామూలు మనిషి దాన్ని నోట్లో పెట్టుకోలేడు. నా బిడ్డ దాన్ని వండి మూట కడుతుంది. ఆ మూటను ప్యాకేజీ అంటారు. విండోస్ ఉన్న కంప్యూటర్‌కు ఒక మూట, లినక్స్ ఉన్నదానికి ఇంకొకటి, మ్యాక్‌కు మరొకటి. లోపలి అన్నం ఒక్కటే, కట్టే తీరు వేరు. ఎవరు తెరిచినా నొక్కగానే నడవాలి. ఫలానాది తెచ్చుకో, ఫలానాది ఎక్కించుకో అని వాళ్ళను సతాయించకూడదు. దాని బతుకుదెరువు అదే. బయటివాళ్ళకు చేస్తుంది, తనకు తోచినవి ఊరికే కూడా చేస్తుంది.

అందులో కష్టమేమిటంటే, ఏ సాఫ్ట్‌వేరూ ఒంటరిగా నడవదు. శబ్దం చేయడానికి ఒక ముక్క కావాలి, అక్షరం చూపడానికి ఒక ముక్క కావాలి. ఆ ముక్కలు ఒకరి కంప్యూటర్‌లో ముందే ఉంటాయి, ఇంకొకరి దాంట్లో ఉండవు. అందుకే అన్నీ మూటలోనే పెట్టి పంపాలి.

ఇది నాకు ఎవరూ పెద్దగా చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో చెరుకు నరకడానికి మహారాష్ట్ర వైపు నుంచి గుంపులు వచ్చేవి. గుడిసె కర్రలు, రొట్టెలు కాల్చే పెంక, ఉప్పు, కారం, ఆఖరికి పొయ్యి రాళ్ళు కూడా బండి మీద వేసుకుని దిగేవారు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, నవ్వేది. "రాళ్ళు గూడ మోసుకొచ్చిండ్రా? మా ఊళ్ళ రాళ్ళు లేవా?" అంటే, ఆ గుంపులో ముసలామె సగం మరాఠీలో, సగం తెలుగులో కసిరేది. "మీ ఊళ్ళ రాళ్ళున్నయో లేవో మాకేం ఎరుక? ఆకలైనంక ఎతుకాల్నా?" నా బిడ్డ చేసే పని ఆ ముసలామె పనే.

ఏ రాయి మరిచిపోయామో తెలుసుకోవడానికి దాని దగ్గర ఒక ప్రత్యేకమైన మిషన్ ఉంది. మేము వట్టి మిషన్ అంటాం. పాత సామాన్లవాడి దగ్గర కొన్నది. దాంట్లో ఏమీ ఉండదు. పాట ఉండదు, ఫొటో ఉండదు, తాళం మాట, అదే పాస్‌వర్డ్, అది కూడా ఉండదు. కట్టిన ప్రతి లినక్స్ మూటనూ చివరికి దాంట్లో తెరిచి చూస్తుంది. అక్కడ నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది. అందుకే దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఒకసారి ఎవరైనా ఏదైనా ఎక్కిస్తే మళ్ళీ మొత్తం తుడిచి మొదటి నుంచీ నింపాలి. ముసలి మిషన్, దానికి పొద్దంతా పడుతుంది.

ఇప్పుడు ఒక బోధన్ పిల్ల సంగతి చెప్పాలి.

ఆమె నా బిడ్డ స్నేహితురాలు. వాళ్ళ నాయన బోధన్‌లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. పిల్లకు చిన్నప్పటి నుంచే చూపు లేదు. నిజామాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండి, పసుపు దాచే ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చుంటుంది. రైతులు ఫోన్ చేసి నా పసుపు ఏ గదిలో ఉంది, ఎప్పుడు తీసుకుపోవాలి అని అడుగుతారు. కంప్యూటర్‌లో చూసి చెప్పాలి. చూడడమంటే వినడం. తెర మీద ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, అదీ ఊరికే దొరికేదే. నా బిడ్డ దాన్ని మూట కట్టి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. పొద్దున రాగానే గుచ్చుకుంటుంది, పోయేటప్పుడు పీక్కుని మెళ్ళో వేసుకుంటుంది.

ఈ మధ్య ఆ ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టారు. పాతవి విండోస్, కొత్తవి లినక్స్. వాటిలో బయటి సరుకు ఏదీ ఎక్కించకూడదని హెడ్డాఫీసు హుకుం. పెన్‌డ్రైవ్ గుచ్చి, దాని మీదే నడుపుకుని పీకేస్తే సరే. హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తాడు, ఆయన ముందు కొత్త మిషన్ మీద పనిచేసి చూపిస్తే ఉంటావు, లేకపోతే ఇంటికి పో అన్నాడు మేనేజరు. ఇంటికి పోవడమంటే ఏమిటో, నన్ను ఖాలా అంటే పిన్ని అని పిలిచే ఆ పిల్ల మా ఇంట్లో కూర్చుని చెప్పింది.

"మా అన్నలు ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తుండ్రు ఖాలా. 'చాలు చేసింది, ఇంట్ల కూసో, నీకేం తక్కువ' అంటరు. వెనక అర్ర ఖాళీ చేసి పెట్టిండ్రట. ఒకసారి ఆ అర్రలకు పోతే నన్ను మళ్ళ బయటికి ఎవరు తోలుకొస్తరు?"

నా బిడ్డ లినక్స్ మూట కట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మా మరిది వచ్చాడు.

మా మరిది మా వెనక గల్లీలో జిరాక్స్ దుకాణం నడుపుతాడు. పిల్లలకు టైపింగ్ నేర్పుతాడు కాబట్టి తనను తాను కంప్యూటర్ మాస్టర్ అనుకుంటాడు. బిడ్డ బజారుకు పోయింది, నేను బయట నల్లా దగ్గర బిందెలు నింపుతున్నాను. దుకాణంలో కరెంటు పోయిందట, నేరుగా లోపలికి పోయాడు. నేను బిందెతో వచ్చేసరికి వట్టి మిషన్ ముందున్న కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. చేతిలో ఫోన్ ఉంది, ఏదో సినిమా మోత వినిపిస్తోంది.

"గా మిషన్ దగ్గర కూసోకు. అది ముట్టద్దు," అన్నాను.

"నాకు జెప్తున్నవా వదినె? నేను కంపూటర్లనే పుట్టిన."

బిడ్డ వచ్చాక, మీ కాక ఆ కుర్చీలో కూర్చున్నాడని చెప్పాను. అది వెంటనే ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్‌లో అంతా విన్నాను.

"కాకా, వట్టి మిషన్ల ఏమన్న ఏసినవా? ఏసినా ఏం కాదు, జెప్పు. తుడుస్త."

"ముట్టనే ముట్టలే బిడ్డా. ఫోన్ల సూస్కుంట కూసున్న. మీ బాపు మీద ఒట్టు."

అక్కడితో అడగడం ఆగిపోయింది. మాలో చనిపోయినవాళ్ళ మీద ఒట్టు వేస్తే ఇక సోదా ఉండదు. ఆ తరువాత కూడా తుడిచామంటే ఒట్టేసినవాడినే కాదు, పోయినవాడినీ అనుమానించినట్టు. "బాపు మీద ఒట్టేసినంక ఎట్ల తుడుస్తనే అవ్వ?" అంది నా బిడ్డ. మూటను అదే మిషన్‌లో తెరిచింది. గొంతు చక్కగా పలికింది. రెండోసారి, మూడోసారి కూడా పలికింది. వినడానికి వచ్చిన బోధన్ పిల్ల సంతోషంతో నా చేయి పట్టుకుని పిసికేసింది.

పెద్దసారు వచ్చిన రోజు మేము కూడా పోయాం. ఆ ఆఫీసు మెట్ల మూలలన్నీ గుట్కా ఉమ్మి. పైన దేవుడి పటాల టైల్సు అతికించారు, వాటి మీద కూడా ఉమ్మారు. లోపల పెద్దసారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మేనేజరు, గోడకు ఆనుకుని ఒక గుమస్తా. పిల్ల కొత్త మిషన్ ముందు కూర్చుని, తడుముకుని పెన్‌డ్రైవ్ గుచ్చి, చెవుల్లో వైర్లు పెట్టుకుని మీట నొక్కింది.

ఏమీ వినిపించడం లేదంది. తెర మీద ఏదో తెరుచుకుంది, గొంతు మాత్రం రాలేదు. మళ్ళీ నొక్కింది. ఆమె ముఖం మారలేదు కానీ మెడ మీద నరం ఉబ్బడం నేను చూశాను.

మేనేజరు నా వైపు తిరిగాడు. "సూడమ్మా, ఆమెకు జెప్పు. సారుకు టైం లేదు. నడుస్తదా నడవదా?"

"నాకే చెప్పండి సార్," అంది పిల్ల. "చెవులు మంచిగనే ఉన్నయి."

గుమస్తా ముందుకొచ్చి ఆమె కళ్ళ ముందు చేయి అటూ ఇటూ ఊపాడు. ఊపి మేనేజరు వైపు చూసి పళ్ళికిలించాడు. ఆ చేతికి ఉంగరాలున్నాయి, గోళ్ళ సందున పసుపుంది. ఆ చేతిని అక్కడే విరవాలనిపించింది.

"ఊపు అన్నా, ఊపు," అంది పిల్ల. "గాలి మంచిగొస్తుంది. మీ ఫ్యాను కన్న నయమే ఉంది."

గుమస్తా చేయి దించాడు. నవ్వింది నేనొక్కదాన్నే.

నా బిడ్డ వంగి తెర మీద ఉన్న ఒక వరస చదివింది. "ఒక ముక్క తక్కువుంది అవ్వ. శబ్దం ముక్క. మూటల లేదు, ఈ మిషన్ల లేదు. మరి మనింట్ల ఎట్ల నడిచింది?" అడుగుతూనే దానికి జవాబు దొరికింది. నాకు కూడా దొరికింది.

సాయంత్రం దాకా గడువివ్వమని అడిగింది. పెద్దసారు వాచీ చూసుకున్నాడు. "మాక్లూర్ గోడౌన్‌కి వెళ్ళొస్తాను. వచ్చేసరికి పనిచేస్తే సరే. లేకపోతే ఆ కుర్చీకి వేరేవాళ్ళని చూడండి. నాకు సెంటిమెంట్లు చెప్పొద్దు."

మాతో రమ్మంటే పిల్ల రాలేదు. "లేస్తే ఇంకెవరన్న కూసుంటరు ఖాలా. నేను ఈడనే ఉంట. మీరు పోయి రండి," అంది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని ఉంది.

ఇంటికొచ్చి నా బిడ్డ వట్టి మిషన్ తెరిచి వెతికింది. ఎంతో సేపు పట్టలేదు. సినిమాలు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి, చూశాక తీసేసిన ఆనవాళ్ళున్నాయి. పెద్దది పోయింది, దాని వెంట వచ్చిన ముక్కలు మిగిలాయి. మా మూటలో లేని శబ్దం ముక్క అందులో ఒకటి. మూట దాని మీద ఆనుకుని మా ఇంట్లో పలికింది, అక్కడ ఆనుకోవడానికి ఏమీ లేక మూగబోయింది.

అది పనిలో పడింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనక గల్లీకి పోయాను. మా మరిది బండి తాళంచెవితో చెవి తిప్పుకుంటూ కూర్చున్నాడు. తిప్పి, చూసి, ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"ముట్టలేదంటివి గద," అన్నాను.

"ఏందొదినె, దుకాణంల లొల్లి. గిరాకి ఉన్నది."

"ఆయన మీద ఒట్టేసినవ్."

"సినిమా జూసిన. సూసుడు కాంగనె తీసేసిన. తీసేసినంక ఇగ ముట్టినట్టెట్ల అయితది? ఒట్టు ఏడ తప్పింది?"

ఎంగిలి చేసి, మూతి తుడుచుకుని, తినలేదన్నట్టు ఉంది. అయినా ఓర్చుకున్నాను, పని అతనితో ఉంది.

"నాతోటి ఆఫీసుకు రా. అచ్చి ఒక్క మాట జెప్పు. గా పిల్లది తప్పు కాదు, మిషన్ నేను పాడుజేసిన అని. గంతే. వాళ్ళు జర ఆగుతరు. దాని కొలువు నిలవడ్తది."

తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. "నేను మాస్టర్ను వదినె. నా తాన పోరగాండ్లు నేర్సుకుంటుండ్రు. ఆఖరికి గుడ్డి పోరి కోసం నా ఇజ్జత్ తీస్కుంటనా? అయినా గామెకు కొలువెందుకు? అన్నలున్నరు గద, సాదుతరు."

అప్పుడు నేనన్న మాట ఇక్కడ రాయనంటోంది నా బిడ్డ. సరే, రాయకు. అన్నానని మాత్రం రాయి. దుకాణంలో ఉన్న పిల్లలంతా విన్నారని కూడా రాయి.

నాకు రోత ఎక్కడ పుట్టిందంటే, సినిమా చూసినందుకు కాదు. చూస్తే చూశాడు. ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే పొద్దంతా తుడుచుకునేవాళ్ళం, అయిపోయేది. అతనికి ఇజ్జత్ ఉంది. ఆ పిల్లకు ఒక కుర్చీ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తనదే బరువని తేల్చుకున్నాడు. తేల్చుకోవడానికి అతనికి క్షణం కూడా పట్టలేదు. మా ఆయన పేరు ఆ నోట్లో నుంచి వచ్చిందని తలచుకుంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది.

నేను తిరిగొచ్చేసరికి నా బిడ్డ ఆ ముక్కను మూటలో పెట్టేసింది. అలా మిగిలిపోయిన ముక్కల మీద ఇంకేమైనా ఆనుకుని ఉందా అని ఒక్కొక్కటే వెతికి, దొరికినవి కూడా పెట్టింది. కానీ నడుస్తుందో లేదో చూడడానికి మిషన్ లేదు. వట్టి మిషన్ ఇప్పుడు వట్టిది కాదు. దాంట్లో నడిచినా నడిచినట్టు కాదు. తుడిచే టైం లేదు. తెలిసినవాళ్ళ మిషన్లన్నీ పాటలతో, ఆటలతో నిండి ఉన్నాయి. ఏ మూటనూ తెరిచి చూడకుండా బయటికి పంపని మనిషి అది. ఆ రోజు చూడకుండానే పట్టుకుని ఆటో ఎక్కింది.

"నడుస్తదా బిడ్డా?"

"తెల్వదే అవ్వ."

ఆ రోజు నేను విన్న శుభ్రమైన మాట అదొక్కటే.

ఆఫీసులో పిల్ల కూర్చున్నచోటే ఉంది. మంచినీళ్ళు కూడా తాగలేదట, తాగితే లేవాల్సి వస్తుందని. పెద్దసారు మాకన్నా ముందే వచ్చి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నా బిడ్డ పెన్‌డ్రైవ్ గుచ్చింది. పిల్ల చెవి వైర్లు తీసుకోబోతే ఆపింది.

"వద్దు. బయటికే పలుకనీ. అందరు విననీ."

పిల్ల మీట నొక్కింది. తెర తెరుచుకుంది. ఫ్యాను తిరుగుతోంది, అంతే. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. అంతలో బస్టాండు మైకులాంటి గొంతు ఒకటి, ఏ భావమూ లేకుండా, గది మొత్తానికి వినిపించేలా మొదలుపెట్టింది. సాఫ్ట్‌వేర్ పేరు చదివింది. రాసినవాళ్ళ పేర్లు చదివింది. ఏ దేశం వాళ్ళో, నాకు నోరు తిరగని పేర్లు. తరువాత పిల్ల వేళ్ళు కదిలిన కొద్దీ మూడో గది, కుడి వరస, పసుపు కొమ్ములు, ఫలానా ఊరు అని చదువుతూ పోయింది. అంతలో కమ్మర్‌పల్లి నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆమె ఒక చెవితో ఆయన్ను, ఒక చెవితో మిషన్‌ను విని జవాబు చెప్పింది. ఆయన ఇంకేదో అరుస్తుంటే దానికీ చెప్పింది.

పెద్దసారు రుమాలు తీశాడు. బాగుందన్నాడు. పిల్లతో కాదు, మేనేజరుతో.

"ఇది ఫ్రీయే కదా? అయితే మన బ్రాంచ్‌లన్నిటిలో పెట్టించండి. తెరవగానే ఆ పేర్లన్నీ ఎందుకు, తీసేసి మన కంపెనీ పేరు వచ్చేలా చేయమ్మా."

"ఎన్ని మిషన్లల్ల అయినా పెట్టుకోండి సార్, అందరిదీ," అంది నా బిడ్డ. "రాసినోళ్ళ పేర్లు మాత్రం తీయద్దు. అది వాళ్ళ షరతు."

"ఎవరు చదువుతారమ్మా అవి?"

"నేను వింట సార్," అంది బోధన్ పిల్ల. "రోజూ పొద్దుగాల్నే వింట."

ఆయనకు ఆ మాట ఎక్కలేదు. ఫోన్ తీసి, ఆమె భుజం మీద చేయి వేసి ఫొటో దిగాడు. కంపెనీ వాళ్ళకు పంపుతాడట, మేము ఇలాంటివాళ్ళకు పని ఇస్తున్నాం చూడండి అని. అడిగి వేయలేదు ఆ చేయి. పొద్దున తీసేస్తానన్న మనిషే సాయంత్రం సాదుతున్నవాడయ్యాడు. పిల్ల మాత్రం ఆ చేయి కింద నుంచి జరిగి కుర్చీని ముందుకు లాక్కుంది.

కొలువు నిలబడింది. అందుకు సంతోషించాలి, సంతోషించాను కూడా. మేము బయటికొచ్చి మెట్లు దిగుతుంటే లోపల గుమస్తా గొంతు వినిపించింది.

"సార్, గీ కొత్త మిషన్ల నా ఫైళ్ళు యాడున్నయో దొరుకుతలేవు. పొద్దటి సంది ఒక్కటి గూడ తెరవలే."

"మెల్లగ నేర్సుకో తియ్యి," అన్నాడు మేనేజరు. "తొందరేమున్నది?"

నేను ఆ ఉమ్మి మెట్ల మీదే ఆగిపోయాను. వెనక్కి తిరిగాను కూడా. నా బిడ్డ నా రెక్క గట్టిగా పట్టుకుంది.

లోపల ఆ పిల్ల ఒక్కసారి పైకే నవ్వింది. తరువాత రైతుల ఫోన్ మోగింది. ఎత్తి, "చెప్పు బాపూ," అంది.